కొత్త రైడ్ ఏంటో ప్రకటనకు ముందే పసిగట్టడం ఎలా?

ఏ థీమ్ పార్కులో కొత్తగా కంచె కట్టినా వచ్చే ప్రశ్నలు రెండే. “అక్కడ ఏం వస్తోంది?” “ఆ వీడియోలో చెప్పింది నిజమేనా?” వచ్చే వేసవికి పిల్లల్ని ఓర్లాండో తీసుకెళ్దామనుకునే న్యూజెర్సీ, డాలస్ తల్లిదండ్రులు అడుగుతారు. హైదరాబాద్‌లో కూర్చుని రోలర్ కోస్టర్ వీడియోలు చూసే ఇంటర్ కుర్రాళ్ళూ అడుగుతారు. అందరికీ విడివిడిగా జవాబులు రాసే బదులు, ఎవరికి వాళ్ళు తేల్చుకునే పద్ధతి ఒకచోట రాస్తున్నాను.

ఇది జోస్యం కాదు. ఓర్లాండోలోని ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో వెలాసికోస్టర్ గురించి యూనివర్సల్ కంపెనీ నోరు విప్పింది 2020 సెప్టెంబర్‌లో. అప్పటికే ట్రాక్ చాలావరకు నిలబడి, పార్కులో తిరిగేవాళ్ళందరికీ కనిపిస్తోంది. అది ఇంటమిన్ కంపెనీ కోస్టర్ అనీ, అయస్కాంతాలతో ముందుకు తోసే రకమనీ, జురాసిక్ కథతో వస్తుందనీ ఫ్యాన్స్ ముందే తేల్చేశారు. 2021 జూన్‌లో తెరిచాక చూస్తే అవన్నీ నిజమే. అదే ఫ్యాన్స్ వేరే చోట్ల బొక్కబోర్లా పడిన సందర్భాలూ బోలెడు. తేడా తెలివిలో లేదు, ఏ ఆధారానికి ఎంత విలువ ఇచ్చారన్న దగ్గర ఉంది. పేటెంట్ బొమ్మ చూసి ఊగిపోయేవాళ్ళు ఎక్కువ, వాన నీటి పారుదల పర్మిట్ చదివేవాళ్ళు తక్కువ. నన్నడిగితే రెండోదే చాలా ఎక్కువ పనికొస్తుంది.

కావలసినవి

- గూగుల్ ఎర్త్ ఉన్న కంప్యూటర్. ఫోన్‌లో కంటే ఇందులో పాత ఉపగ్రహ ఫొటోలు చూడటం, దూరాలు కొలవడం సులువు.
- ఒక స్ప్రెడ్‌షీట్. కాలమ్‌లు: తేదీ, ఆధారం, అది ఎక్కడ దొరికింది, దాని నుంచి నా ఊహ, ఎంత శాతం నమ్మకం.
- వర్గమూలం బటన్ ఉన్న క్యాలిక్యులేటర్.
- రోలర్ కోస్టర్ డేటాబేస్ అనే వెబ్‌సైట్. 1996 నుంచి నడుస్తోంది. ప్రపంచంలో కట్టిన, కడుతున్న కోస్టర్ల ఎత్తు, వేగం, తయారీదారు వివరాలు అందులో ఉంటాయి.

డ్రోన్ అక్కర్లేదు. “లోపలి మనిషి” పరిచయం అక్కర్లేదు. డబ్బు కట్టి చేరే “లీక్స్” గ్రూపులు అసలే అక్కర్లేదు.

1. ఒక పార్కు, కొన్ని చిన్న ప్రశ్నలు

“ఏం వస్తోంది?” అన్నది చాలా పెద్ద ప్రశ్న. దాన్ని ముక్కలు చేయండి. రైడ్ బయట ఉంటుందా, భవనం లోపలా? ఎత్తెంత? తయారీదారు ఎవరు? బండి దేనితో కదులుతుంది: గొలుసుతో పైకి లాగుతారా, అయస్కాంతాలతో తోస్తారా, పట్టాలు లేకుండా తిరుగుతుందా, రోబో చేతికి బిగించిన సీటా?

ఏ కథ, ఏ పాత్రలు అన్నది చివరికి వదిలేయండి. చాలామంది ఇక్కడే తిరగేసి చేస్తారు. ముందు తమకిష్టమైన కథ ఒకటి అనుకుంటారు, తర్వాత ప్రతి క్రేన్‌లోనూ దాన్నే వెతుక్కుంటారు.

2. స్థలం కొలవండి

గూగుల్ ఎర్త్‌లో కంచె లోపలి స్థలం పొడవు, వెడల్పు కొలవండి. అదే టూల్‌తో అదే పార్కులో ఇప్పటికే ఉన్న ఒక రైడ్‌ని కూడా కొలిచి పక్కన రాసుకోండి. పోల్చడానికి ఏదో ఒకటి చేతిలో లేకపోతే అంకెలు ఏమీ చెప్పవు.

జాగ్రత్త: ఉపగ్రహ ఫొటో ఎప్పటిదో చూడకుండా “ఇంకా పని మొదలుకాలేదు” అని రాసేయకండి. ఫొటో తేదీ కనిపిస్తుంది, అది నెలల పాతది కావచ్చు.

3. ప్రభుత్వ కాగితాలు వెతకండి

అసలు పని ఇక్కడే ఉంది. పార్కు ఎంత రహస్యంగా ఉంచాలనుకున్నా, నేల తవ్వాలంటే ఎవరో ఒకరి దగ్గర కాగితం పెట్టాలి. ఆ కాగితం చాలా చోట్ల ప్రజలు చూడదగ్గదే.

ఫ్లోరిడా అయితే మొదట సౌత్ ఫ్లోరిడా వాటర్ మేనేజ్‌మెంట్ డిస్ట్రిక్ట్ పర్మిట్లు చూడండి. పెద్ద స్థలంలో కాంక్రీటు పరిచినా, చెరువు పూడ్చినా వాన నీరు ఎటు పోతుందో చూపించి అనుమతి తీసుకోవాలి. అందుకోసం ఇచ్చే ప్లాన్లలో భవనాల హద్దులు, సర్వీసు రోడ్లు, కొత్త చెరువులు కనిపిస్తాయి. రైడ్ పేరు ఉండదు, కానీ కిటికీలు లేని పెద్ద భవనం గీత కనిపిస్తే లోపల నడిచే రైడ్ అని అర్థమవుతుంది. దాని పక్కనే వంకర టింకరగా పోయే సన్నటి దారి ఉంటే అది బహుశా క్యూ లైన్.

రెండోది నోటీస్ ఆఫ్ కమెన్స్‌మెంట్. పని మొదలుపెట్టే ముందు కౌంటీ రికార్డుల్లో నమోదు చేసే కాగితం. ఇందులో యజమాని, కాంట్రాక్టర్, స్థలం, పని గురించి ఒక ముక్క ఉంటాయి. ఆ ముక్క చాలాసార్లు “సాధారణ నిర్మాణం” లాంటి పనికిరాని మాటే. కాంట్రాక్టర్ పేరు పట్టుకోండి. ఆ కంపెనీ గతంలో ఏం కట్టిందో చూడండి. కృత్రిమ కొండరాళ్ళు చెక్కే కంపెనీ, స్టేజి లైట్లు బిగించే కంపెనీ, ఉక్కు పని చేసే కంపెనీ ఒకే చిరునామాకు వరుసగా వస్తుంటే బొమ్మ దానంతటదే తయారవుతుంది. డిస్నీ వరల్డ్ స్థలమైతే సెంట్రల్ ఫ్లోరిడా టూరిజం ఓవర్‌సైట్ డిస్ట్రిక్ట్ రికార్డులు కూడా చూడాలి. 2023 వరకు దాని పేరు రీడీ క్రీక్. పాత కాగితాలు ఆ పేరుతోనే వెతకండి.

ఇంగ్లండ్ అయితే ఇంకా సులువు. అక్కడ స్థానిక కౌన్సిల్‌కి ఇచ్చే ప్లానింగ్ దరఖాస్తులు ఆన్‌లైన్‌లో ఉంటాయి, చప్పుడు ఎంత వస్తుంది, దూరం నుంచి ఎలా కనిపిస్తుంది అన్న నివేదికలతో సహా. థోర్ప్ పార్క్‌లోని హైపీరియా కోస్టర్‌ని 2024 మేలో తెరిచారు. అంతకు రెండేళ్ళ ముందే “ప్రాజెక్ట్ ఎక్సోడస్” పేరుతో ఇచ్చిన దరఖాస్తులో దాని 236 అడుగుల ఎత్తు, ట్రాక్ వంపులతో సహా బయటికొచ్చేశాయి. ఫ్యాన్స్ ఆ డ్రాయింగ్‌లు పట్టుకుని, కోస్టర్లు గీసుకునే నోలిమిట్స్ సాఫ్ట్‌వేర్‌లో రైడ్ మొత్తం కట్టుకుని, కంప్యూటర్‌లో ఎక్కేశారు. ఆల్టన్ టవర్స్ పార్కు వాళ్ళయితే కొత్త రైడ్లకు “సీక్రెట్ వెపన్” అని వరుస నంబర్లు పెట్టుకుంటారు. స్మైలర్ ఏడోది, వికర్ మ్యాన్ ఎనిమిదోది. పేరు చూసి మహా రహస్యం అనుకుంటాం గానీ, వీటికీ స్థానిక కౌన్సిల్ అనుమతి తప్పదు.

కాగితాల్లో సొంత పేరు లేకపోతే వదిలేయకండి. 1965లో డిస్నీ ఓర్లాండో దగ్గర సుమారు 27,000 ఎకరాలు కొన్నది డమ్మీ కంపెనీల పేర్లతోనే. కొంటున్నది ఎవరో ఊరంతా రకరకాలుగా చెప్పుకుంది. ఓర్లాండో పత్రికలో పనిచేసే ఎమిలీ బవర్ కాలిఫోర్నియా వెళ్ళినప్పుడు వాల్ట్ డిస్నీనే నేరుగా అడిగింది. ఆయన కాదన్నాడు. కానీ కాదనడానికి కారణాలు చెబుతూ ఆ ప్రాంతపు వివరాలు ఏకరువు పెట్టాడు. ఏమీ సంబంధం లేని మనిషికి ఇంత సమాచారం ఎందుకని ఆమెకు అనుమానం వచ్చింది, అక్టోబర్‌లో పత్రికలో రాసేసింది. రోజుల్లోనే గవర్నర్ నిజమేనని చెప్పాల్సి వచ్చింది. ఈ ఫ్యాన్స్ గోలకంతటికీ ఆమే పెద్దదిక్కు అంటాను నేను.

డమ్మీ పేరు దొరికితే ఆ కంపెనీ చిరునామాతో, సంతకం చేసిన లాయర్ ఆఫీసు పేరుతో మళ్ళీ వెతకండి. కొత్త పేరు పెట్టినా పాత చిరునామానే వాడేవాళ్ళు తక్కువేం కాదు.

4. ఎత్తు తేల్చండి

అమెరికాలో నేల నుంచి 200 అడుగులు దాటే ఏ కట్టడానికైనా విమానయాన శాఖ ఎఫ్‌ఏఏకి ముందే తెలియజేయాలి. విమానాశ్రయం దగ్గరైతే అంతకంటే తక్కువ ఎత్తుకూ చెప్పాలి. ఆ దరఖాస్తులు వాళ్ళ సైట్‌లో ఊరి పేరు పెట్టి వెతకొచ్చు. 200 దాటితే మామూలుగా ఎర్ర లైటు పెట్టాల్సి వస్తుంది. కథా లోకానికి ఎర్ర లైటు నప్పదు కాబట్టి డిస్నీ వాళ్ళు ఫ్లోరిడాలో టవర్ ఆఫ్ టెర్రర్ రైడ్‌ని 199 అడుగుల దగ్గర ఆపేశారు. కాబట్టి డిస్నీ వరల్డ్‌లో 300 అడుగుల రైడ్ వస్తోందని ఎవరైనా అంటే, ఆ సైట్‌లో కాగితం చూపించమనండి.

ఈ దశలో రెండు తప్పులు పదే పదే జరుగుతాయి.

మొదటిది, క్రేన్ ఎత్తుని రైడ్ ఎత్తు అనుకోవడం. క్రేన్‌కి కూడా ఎఫ్‌ఏఏ దరఖాస్తు పెడతారు. అది తాత్కాలికమని కాగితంలోనే ఉంటుంది. ట్రాక్ ముక్కని పైకి ఎత్తి బిగించాలంటే క్రేన్ దానికంటే బాగా ఎత్తుండాలి కదా.

రెండోది, “గరిష్ఠ ఎత్తు” అన్న మాటని అసలు ఎత్తుగా చదవడం. ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్ దగ్గర 2031లో తెరవాలనుకుంటున్న యూనివర్సల్ పార్కు సంగతే చూడండి. ప్లానింగ్ కాగితాల్లో కొన్ని చోట్ల 115 మీటర్ల దాకా కట్టుకునే వీలు అడిగారు. వెంటనే “115 మీటర్ల కోస్టర్ వస్తోంది” అని వీడియోలు మొదలయ్యాయి. అది రేపు ఏం కట్టాలన్నా మళ్ళీ అనుమతికి పోకుండా ముందే తీసుకునే హద్దు. లోపల ఏం కడతారో ఆ అంకె చెప్పదు. మీ షీట్‌లో “115 మీ. మించదు” అని రాసుకోండి, “115 మీ. ఉంటుంది” అని కాదు.

5. ట్రాక్ ముక్కని చూసి తయారీదారుని గుర్తుపట్టండి

పునాదులు పడ్డాక, ట్రాక్ ముక్కలు లారీల్లో దిగాక ఊహలు గట్టిపడతాయి. కొన్ని ముఖ్యమైన గుర్తులు:

- రెండు గొట్టపు పట్టాల కింద చతురస్రపు పెట్టెలాంటి లావు వెన్ను ఉంటే స్విట్జర్లాండ్‌కి చెందిన బీ అండ్ ఎం అయ్యే అవకాశం ఎక్కువ. వాళ్ళ ఉక్కు ముక్కలు చాలావాటిని ఒహాయోలోని బటావియాలో ఒక ఫ్యాక్టరీ తయారు చేస్తుంది. ఆ యార్డులో రంగు వేసి పెట్టిన ముక్కలు ఏ పార్కుకో అని ఫ్యాన్స్ కాపలా కాస్తుంటారు.
- మూడు గొట్టాల్ని అడ్డకడ్డీలతో త్రికోణంగా కలిపిన ట్రాక్ అయితే ఇంటమిన్‌ని ముందు అనుమానించండి.
- చెక్క కోస్టర్ ఒంటి మీద గొట్టాలు కాకుండా పలకల్లాంటి ఉక్కు పట్టా కనిపిస్తే రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్. ఒహాయోలోని సీడర్ పాయింట్ పార్కులో 2018లో తెరిచిన స్టీల్ వెంజియన్స్ వీళ్ళదే.

ఇవి నూటికి నూరు పాళ్ళు నమ్మదగ్గవి కావు. ఒకే కంపెనీ రకరకాల ట్రాక్‌లు చేస్తుంది, ఒకరి ట్రాక్‌లా ఇంకొకరిదీ ఉంటుంది. డేటాబేస్‌లోని దగ్గరి ఫొటోలతో పోల్చి, కనీసం రెండు లక్షణాలు కలిస్తేనే పేరు రాయండి.

ట్రాక్ మధ్యలో వరుసగా నిలబెట్టిన రేకులు చూసి “అదిగో లాంచ్!” (బండిని ఒక్కసారిగా ముందుకు విసిరే ఏర్పాటు) అని అరిచేవాళ్ళున్నారు. అవి బ్రేకులు కూడా కావచ్చు. లాంచ్‌కి వాడే మోటారు భాగాలకు లావుపాటి కరెంటు కేబుళ్ళు ఉంటాయి, పక్కన ఎక్కడో విద్యుత్ పరికరాల గది ఉంటుంది. ఉత్త బ్రేకు రేకులకు అంత కరెంటు అవసరం లేదు. కేబుల్ కనిపించేదాకా ఆగండి.

ఇంకో మాట. ఇప్పుడెవరైనా “కొత్త హైడ్రాలిక్ లాంచ్ రైడ్” అని చెబితే బాగా అనుమానించండి. తాడుతో ఒక్క లాగులో విసిరే ఆ పద్ధతి 2003లో సీడర్ పాయింట్‌లో వచ్చిన టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్, 2005లో న్యూజెర్సీ సిక్స్ ఫ్లాగ్స్ పార్కులో వచ్చిన కింగ్డా కా కోస్టర్ల నాటిది. మొదటిదాన్ని 2024లో అయస్కాంత లాంచ్‌తో టాప్ థ్రిల్ 2గా మార్చారు. రెండోదాన్ని 2025 ఫిబ్రవరిలో పేలుడు పదార్థాలతో కూల్చేశారు. న్యూజెర్సీ తెలుగువాళ్ళలో దాన్ని ఎక్కినవాళ్ళు చాలామందే ఉంటారు. దాని స్థానంలో ఏం వస్తుందన్న గోల అది కూలకముందే మొదలైంది. ఆ స్థలంతో సాధన మొదలుపెట్టడం మంచి ఆలోచనే.

6. పేటెంట్లు: చదవండి, కానీ తక్కువ నమ్మండి

గూగుల్ పేటెంట్స్‌లో హక్కుదారు పేరు దగ్గర “డిస్నీ ఎంటర్‌ప్రైజెస్” అనో “యూనివర్సల్ సిటీ స్టూడియోస్” అనో ఇచ్చి వెతకండి. అమెరికాలో మామూలుగా దరఖాస్తు పెట్టిన 18 నెలలకు గానీ అది బయటికి రాదు. అంటే ఈ రోజు మీరు చూసి మురిసిపోయే “కొత్త” ఆలోచన వాళ్ళ దగ్గర అప్పటికే పాతబడింది.

బొమ్మలు చూసి ఆగిపోవద్దు. బొమ్మ ఒక ఉదాహరణ మాత్రమే. చివర ఉండే క్లెయిములు చదవండి, ముఖ్యంగా మొదటిది. కంపెనీ నిజంగా తనదని చెప్పుకునేది అక్కడ ఉంటుంది. బొమ్మలో డ్రాగన్ ఉండొచ్చు, క్లెయిములో ఉన్నది బేరింగ్ గురించి కావచ్చు.

పేటెంట్ నిజమైన సందర్భానికి మంచి ఉదాహరణ డాంకీ కాంగ్ (నింటెండో వీడియో గేమ్ పాత్ర) గని బండి రైడ్. పట్టా తెగిపోయిన చోట బండి గాల్లోకి దూకినట్టు కనిపించాలి. ఎలా? కంటికి కనిపించే పట్టాలు ఉత్త అలంకారం. అసలు ట్రాక్ పక్కన దాగి ఉంటుంది, దాని నుంచి వచ్చిన ఒక చేయి బండిని మోస్తుంది. యూనివర్సల్ పేటెంట్‌లో ఫ్యాన్స్ దీన్ని ఏళ్ళ ముందే పట్టుకున్నారు. ఈ రకాన్ని “బూమ్ కోస్టర్” అంటారు. 2024 డిసెంబర్‌లో జపాన్‌లో, 2025 మేలో ఓర్లాండోలోని ఎపిక్ యూనివర్స్‌లో అది అలాగే వచ్చింది.

అయితే దీన్ని చూసి ప్రతి పేటెంటూ ఇలాగే అవుతుందనుకోకండి. డిస్నీ వాళ్ళు స్టార్ వార్స్ సినిమాల్లోని లైట్‌సేబర్ అనే వెలుగు కత్తిని నిజంగా ముడుచుకుని విచ్చుకునేలా చేసే ఆలోచనకి పేటెంట్ తీసుకున్నారు. వస్తువు నిజంగానే తయారైంది. కానీ అది రైడ్‌లోకి రాలేదు, దుకాణంలోకి రాలేదు. 2022లో తెరిచిన స్టార్ వార్స్ హోటల్‌లో నటి చేతిలో కనిపించింది. ఆ హోటలే మరుసటి ఏడాది మూతపడింది. పైగా పెద్ద కంపెనీలు కట్టే ఉద్దేశం లేకపోయినా, పోటీదారు కట్టకుండా ఆపడానికి కూడా పేటెంట్లు తీసుకుంటాయి. కేవలం పేటెంట్ మీద ఆధారపడిన ఊహకి నేనైతే 10 శాతం దాటి ఇవ్వను. అదే పేటెంట్‌కి సరిపోయే ఆకారం పర్మిట్ ప్లాన్‌లో కూడా కనిపిస్తే అప్పుడు 50 దాకా వెళ్ళొచ్చు.

“కొత్త టెక్నాలజీ” అన్న మాటని కూడా కాస్త తట్టి చూడండి. పట్టాలు లేని రైడ్ అంటే ఇప్పటికీ అబ్బురపడతారు. టోక్యో డిస్నీలాండ్‌లో పూ బేర్ హనీ హంట్ 2000లోనే తెరిచారు. రోబో చేతికి సీట్లు బిగించిన హ్యారీ పాటర్ రైడ్ ఓర్లాండోలో 2010 నుంచి నడుస్తోంది. కొత్తదనం చాలాసార్లు విడి యంత్రంలో ఉండదు, పాత యంత్రాల్ని కలిపిన తీరులో ఉంటుంది. 2019లో వచ్చిన డిస్నీ వాళ్ళ స్టార్ వార్స్ రైడ్ రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్ అలాంటిదే: పట్టాల్లేని బండి, కదిలే సిమ్యులేటర్, కిందికి జారే లిఫ్టు, అన్నీ ఒకే రైడ్‌లో.

7. లెక్క కట్టి చూడండి

పుకారులో ఎత్తు, వేగం రెండూ ఉంటే అర నిమిషంలో పరీక్షించవచ్చు. ఎత్తుని మీటర్లలోకి మార్చండి, వర్గమూలం తీయండి, 16తో గుణించండి. వచ్చేది గంటకు కిలోమీటర్లలో వేగం. (రాపిడి, గాలి లెక్కలోకి రావు, కాబట్టి ఇది ఉజ్జాయింపు.)

హైపీరియా 72 మీటర్లు. లెక్క ప్రకారం సుమారు 136 కి.మీ. అసలు వేగం 130. ఇది పై నుంచి జారే కోస్టర్, రాపిడికి కొంత పోయింది. సరిపోయింది.

వెలాసికోస్టర్ 155 అడుగులు, అంటే 47 మీటర్లు. లెక్కకి 110, అసలు 113. ఇది లాంచ్‌తో కింది నుంచి కొండెక్కే రకం. కొండ దాటాలంటే లెక్క కంటే కొంచెం ఎక్కువ వేగం కావాలి. ఇదీ సరిపోయింది. కింగ్డా కా 139 మీటర్లకు లెక్క 189, అసలు 206. నిటారుగా ఎక్కి దాటాలి కాబట్టి మిగులు ఎక్కువ పెట్టుకున్నారు.

ఇప్పుడు ఎవరైనా “60 మీటర్ల కొండ నుంచి లాంచ్ లేకుండా జారుతూ 160 కి.మీ. వేగం” అంటే, లెక్క 124 చెబుతుంది. అంతటితో ఆ పుకారు కథ ముగిసింది. కొండ దిగువన లోతైన గొయ్యి తవ్వితే దిగే ఎత్తు పెరుగుతుంది, ఆ ఒక్క సందు మాత్రం చూసుకోండి. నేల నుంచి ఎత్తు వేరు, జారే లోతు వేరు.

రెండో లెక్క జనం గురించి. రైలులో 24 మంది, ప్రతి 60 సెకన్లకు ఒక రైలు బయల్దేరితే గంటకు 1,440 మంది. 90 సెకన్లకు ఒకటైతే 960. ఓర్లాండో లాంటి చోట పెద్ద రైడ్ గంటకు వెయ్యి మందినైనా ఎక్కించలేకపోతే క్యూ లైన్ రోడ్డు మీదికి వస్తుంది. “ఒక చోట నిలబడి ఉండే రోబో చేయి, నలుగురు మనుషులు, నాలుగు నిమిషాల రైడ్” అన్నది వినడానికి బాగుంటుంది. ఎక్కే దిగే సమయం కలపకుండానే గంటకు 60 మంది. హ్యారీ పాటర్ రైడ్‌లో అందుకే రోబో చేతులు ఆగకుండా వరుసగా కదులుతుంటాయి, జనం కదిలే బెల్టు మీద నడుస్తూ ఎక్కుతారు. మీ పుకారులో ఆ ఏర్పాటు లేకపోతే, అది పెద్ద పార్కులో ముఖ్యమైన రైడ్‌గా రాదు.

8. చెప్పిన మనిషిని తూచండి, అంకె రాయండి

ఐదు ఛానెళ్ళు ఒకే మాట చెప్పాయంటే ఐదు ఆధారాలు కావు. ఒక్కో వీడియో ఎక్కడి నుంచి తీసుకుందో వెనక్కి వెళ్ళండి. చాలాసార్లు అన్నీ ఒకే అనామక పోస్టు దగ్గరికి చేరతాయి. అది ఒక్క ఆధారమే. అది ఏప్రిల్ 1న వచ్చిందేమో కూడా చూడండి, నవ్వొచ్చినా సరే.

కంపెనీ స్వయంగా వేదిక మీద చెప్పినదానికీ స్థాయులున్నాయి. “కడుతున్నాం, ఫలానా ఏడాది” అంటే ఒక మాట. “ఇలా చేస్తే ఎలా ఉంటుందని చూస్తున్నాం” అంటే వేరే మాట. 2022లో డిస్నీ వాళ్ళు ఓర్లాండోలోని తమ యానిమల్ కింగ్‌డమ్ పార్కులోని డైనోసార్ల ప్రాంతానికి జూటోపియా, మోనా ఆలోచనలు చూపించారు. 2024 వచ్చేసరికి అదే స్థలానికి ఇండియానా జోన్స్, ఎన్‌కాంటో ఖాయమయ్యాయి. 2022 నాటి మాటల్ని శ్రద్ధగా వింటే, వాళ్ళు ఖాయమని ఎక్కడా చెప్పలేదు. అక్కడే ఉన్న ఇంకో డిస్నీ పార్కు ఎప్‌కాట్‌కి మేరీ పాపిన్స్ రైడ్‌ని 2019లో గట్టిగానే ప్రకటించారు, కరోనాతో ఆపేశారు. ఎపిక్ యూనివర్స్‌నీ 2020లో ఆపారు గానీ 2021లో మళ్ళీ మొదలుపెట్టి పూర్తిచేశారు. కాబట్టి గట్టి ప్రకటనకి కూడా 100 రాయకండి. 90 చాలు.

ప్రతి ఊహకీ శాతం రాయండి. “రావచ్చు”, “ఛాన్స్ ఉంది” లాంటి మాటలు వద్దు. వాటితో తర్వాత ఎటైనా తప్పించుకోవచ్చు. రాసిన తేదీ మార్చకండి. కొత్త ఆధారం దొరికితే కింద కొత్త వరుస చేర్చండి, పాతది అలాగే ఉంచండి.

చేయకూడనివి

కంచె ఎక్కకండి. పనివాళ్ళని కదిలించకండి, వాళ్ళు రహస్య ఒప్పందాల మీద సంతకం పెట్టి ఉంటారు, మీ సరదా వాళ్ళ ఉద్యోగం మీదికి రావచ్చు. డిస్నీ పార్కుల మీద 2003 నుంచి విమాన నిషేధం ఉంది, డ్రోన్‌లకూ అది వర్తిస్తుంది. పార్కులోని రైలు నుంచో, పక్క హోటల్ పార్కింగ్ పైఅంతస్తు నుంచో కనిపించేది చాలు.

మన దగ్గరైతే

అడుగులు ఇవే, కాగితాలు వేరు. వండర్‌లా 2014 నుంచి, ఇమాజికా 2015 నుంచి షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీలు. అంటే ఎక్స్ఛేంజీలకి ఇచ్చే ప్రకటనలు, ఇన్వెస్టర్లకి చూపించే ప్రెజెంటేషన్లు, ఫోన్ సమావేశాల రాతప్రతులు అందరూ చదవొచ్చు. రావిర్యాలలోని హైదరాబాద్ వండర్‌లాలో కొత్తగా ఏం వస్తుందో తెలుసుకోవాలంటే రీల్స్ చూడటం మానేసి, పెట్టుబడి ఖర్చు గురించి వాళ్ళు ఇన్వెస్టర్లకి చెప్పింది చదవండి. చదువుతుంటే నిద్రొస్తుంది, అయినా అక్కడే ఉంటుంది విషయం. వండర్‌లా కొన్ని రైడ్లు సొంతంగా తయారు చేసుకుంటుంది, కాబట్టి విదేశీ తయారీదారు పేరు దొరకనంత మాత్రాన రైడ్ లేదనుకోవద్దు.

పూర్తిగా కొత్త పార్కు అయితే పర్యావరణ అనుమతుల పోర్టల్ పరివేష్ చూడండి. 20,000 చదరపు మీటర్లు, ఆ పైన కట్టే ప్రాజెక్టులకు ఆ అనుమతి కావాలి. దరఖాస్తులో స్థలం సర్వే నంబర్లతో సహా ఉంటుంది. మంత్రులు, అధికారులు “డిస్నీ స్థాయి పార్కు” అన్న వార్తలు మాత్రం షీట్‌లో 5 శాతం దగ్గర పెట్టండి. ఒప్పందం ఎవరితో, స్థలం ఎక్కడ అన్న రెండూ కాగితం మీద వచ్చాక పెంచుకోవచ్చు.

9. తెరిచాక సరిచూసుకోండి

రైడ్ తెరిచిన వారంలో షీట్ తీయండి. మొదటి అడుగులో రాసుకున్న ప్రతి చిన్న ప్రశ్నకీ ఒప్పు, తప్పు గుర్తు పెట్టండి. “దాదాపు కరెక్టే” అన్న గడి పెట్టుకోవద్దు. కొన్ని రైడ్లు అయ్యాక శాతాల వారీగా కలిపి చూడండి. మీరు 60 శాతం అని రాసినవాటిలో పదికి ఆరు నిజమైతే మీ అంచనా బాగున్నట్టే. పదికి మూడే అయితే మీరు ఏదో ఒక రకం ఆధారాన్ని అతిగా నమ్ముతున్నారు. “ఎక్కడ దొరికింది” కాలమ్‌ని వరుసలో పెట్టి చూస్తే ఏదో తెలిసిపోతుంది. నాకు తెలిసినంతలో ఎక్కువమందికి అది పేటెంట్ దగ్గరో, ఒక అభిమాన యూట్యూబర్ దగ్గరో తేలుతుంది.

పదికి పదీ నిజమయ్యాయా? అప్పుడు మీరు మరీ భయపడి రాస్తున్నారు. తర్వాతిసారి అలాంటివాటికి 80 రాయండి.

టికెట్ల సంగతి అడిగేవాళ్ళకి: ఈ షీట్ చూసి విమానం టికెట్లు కొనకండి. రైడ్ ఏమిటన్నది పట్టుకోవడం తేలిక, అది ఏ రోజు నడుస్తుందన్నది చాలా కష్టం. టాప్ థ్రిల్ 2 విషయంలో ఎత్తు, వేగం, తయారీదారు అన్నీ కంపెనీయే ముందుగా చెప్పింది. 2024 మేలో తెరిచి, దాదాపు వారానికే బండ్లలో లోపం అని ఆపేశారు. మళ్ళీ నడిచింది 2025లో. కొత్త రైడ్ కోసమే వెళ్తుంటే తెరిచిన మొదటి రెండు మూడు నెలలు వదిలేసి, డబ్బు వాపసు వచ్చే బుకింగ్ చేసుకోండి. తేదీ మార్చుకోలేని ప్రయాణమైతే ఆ రైడ్ లేకపోయినా పిల్లలకి సరదాగా ఉండే పార్కుని ఎంచుకోండి.